బిలమును చాపకూడును

మన నవలలలో నొక సిద్ధాంతము మిక్కిలి వ్యాపించియున్నది. మనుష్యుని నిజస్వరూపమును సంఘము కప్పివేయుచున్నదట. కులము, కుటుంబము, ఉద్యోగము, మర్యాద యనునవి పొరలు పొరలుగా వానిని చుట్టుకొనియున్నవట. వీని నన్నిటిని విడిచి యే కొండకో, యే యేటియొడ్డునకో, యే యడవికో పోయినచో నా పొరలు తమంత తామే జాఱి లోపలి మనిషి బయటపడునట. కథానాయకుడు రైలు దిగును. ఊరివైపు వీపుపెట్టి నడచును. చెట్టుక్రింద కూర్చుండి ప్రొద్దుక్రుంకుటను చూచును. తానెవరో తనకు తెలిసినదనుకొనును. గ్రంథము ముగియును. పాఠకుడు నిట్టూర్చి పుస్తకము మూయును. మఱునాటి యుదయమున వంటింటిలోని పొయ్యి యథాప్రకారముగా నొకే చేతిచేత వెలిగింపబడును.

ఈ సిద్ధాంతము అసత్యమనియు, అసత్యమగుటయే గాక మన గృహములకు హానికరమనియు జెప్పుటకే యీ వ్యాసము. ఇట్లనుటచే మేము ప్రకృతిద్వేషులమని యెవరును తలపకుందురుగాక. అలసిన మనస్సునకు వెన్నెల యిచ్చు విశ్రాంతిని కాదనువాడెవడు? ఏటిగాలి యొంటికి దగిలినప్పుడు హృదయము తేలికపడుట యందఱెఱిగినదే. కాని విశ్రాంతి వేఱు, ఆత్మజ్ఞానము వేఱు. నిద్రపోయి లేచినవానికి దేహము తేలికగా నుండును. అంతమాత్రమున వాడు జ్ఞాని యాయెనని యెవరును చెప్పరు. నవలాకారుడు మాత్రము మొదటిదానిని చూపి రెండవదాని వెలకు అమ్ముచున్నాడు. మా వివాదమంతయు ఆ బేరముతోడనే.

ఇట్టి నవల నొకదానిని పల్నాటిలోని ముప్పాళ్ళలో కూర్చుండి చదువుదము. ముప్పాళ్ళ సత్తెనపల్లికి సమీపముననున్న మండలకేంద్రము. 2022 ఏప్రిలు 4వ తేదీన పల్నాడు జిల్లా యేర్పడుటకు పూర్వము గుంటూరు జిల్లాలోనిది. ఈ ప్రాంతమున ప్రకృతి యనగా పత్తిచేను, మిరపచేను. మిరపకాయలు కోయు కూలిస్త్రీకి సూర్యోదయమును చూచుటకు రైలెక్కి పోవలసిన పనిలేదు. ఆమె పాదములు మట్టిలోనే యున్నవి. వీపుమీద నెండ కాయుచునే యున్నది. చేతులు చెట్టును విడువవు. ప్రకృతిసాన్నిధ్యమే ఆత్మదర్శనమునకు జాలినచో నీ దేశమున మొదటి జ్ఞాని యామెయే కావలెను. మన నవలాకారు డామెను జ్ఞానినిగా చిత్రించెనా? కొంగు నడుమున జెక్కి దూరమున వంగియున్న యొక యాకృతిగా, తన నాయకుడు చూచుచున్న దృశ్యములో నొక రంగుగా మాత్రమే యామె నుంచెను.

ప్రకృతిలో పనిచేయువారికి గానరాని యాత్మ దానిని చూడవచ్చినవారికి మాత్రమే కానవచ్చుటకు కారణమేమి? కారణము తీరిక. ఆ తీరికకు గావలసిన ధాన్యమును మఱియొకరు పండించిరి, బియ్యమును మఱియొకరు దంచిరి, నాయకుని దోవతిని మఱియొకరు నేసిరి. కావున వాడు సంఘమును విడిచి వచ్చినవాడు కాడు. సంఘము కట్టియిచ్చిన చద్దిమూటను చంక బెట్టుకొని వచ్చి, మూట కట్టినవారిని మఱచినవాడు.

పాశ్చాత్యుల కథలలోను ఇదియే తీరు. 1719లో డేనియల్ డీఫో ప్రకటించిన రాబిన్సన్ క్రూసో కథ నెఱుగనివారరుదు. ఓడ పగిలి నిర్జనద్వీపమున బడిన యొంటరి మనుష్యుడు తన బుద్ధిచేతనే జీవించెనని మనకు చిన్ననాట జెప్పుదురు. కాని యాతడు పగిలిన యోడనుండి గొడ్డళ్ళను, తుపాకులను, మందుగుండును, సిరాను సైతము తెచ్చుకొనెను. అనేకుల చేతిపని యా వస్తువుల రూపమున ద్వీపమునకు వచ్చినది. తరువాత నొక మనుష్యుడు వాని కంటబడెను. క్రూసో ఆ మనుష్యుని పేరడుగలేదు. తానే యొక పేరు పెట్టెను. తన్ను 'దొర' యని పిలువవలెనని నేర్పెను. ఏండ్లకొలది యేకాంతమున నుండియు వానిలోని దొరతనము కరగలేదు. పొర జాఱుటకు మాఱుగా గట్టిపడినది.

అడవి సంఘమునకు వెలుపల నున్నదనుటయే పట్టణవాసి భ్రమ. నల్లమలలోని చెంచులకు అడవి పాఱిపోయి తలదాచుకొను చోటు కాదు. అదియే వారి యూరు. అచ్చట వారికి బంధుత్వములున్నవి, కట్టుబాట్లున్నవి, దైవములున్నవి. ఇక పల్నాటి రైతునకు అడవి యెట్టిదో చరిత్రయే చెప్పును. 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చినపిదప అడవిమీద సర్కారు చేయి బిగిసినది. పశువు గడ్డి మేయవలెనన్న పుల్లరి యను రుసుము చెల్లింపవలసియుండెను. 1921లో పల్నాటి ప్రజలు ఆ పుల్లరి చెల్లింపమని యెదురుతిరిగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడునకు చెందిన కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకి కాల్పులకు బలియయ్యెను. గడ్డిపోచకును గిత్తనోటికిని నడుమ రాజ్యము నిలిచియున్న చోట, సంఘము లేని స్వచ్ఛప్రకృతి యెక్కడిది? ఆ యడవిగట్టున కూర్చుండి ప్రొద్దుక్రుంకుటను చూచి పరవశించు నాయకునకు పుల్లరి చీటి యడుగువాడెదురుపడలేదు. ఏలన, వానికి పశువులు లేవు.

మన సాహిత్యములోని ప్రసిద్ధగ్రంథములనే యీ దృష్టితో పరిశీలింతము. చలముగారి 'మైదానం' 1927 నాటిది. వకీలు భార్యయగు రాజేశ్వరి యిల్లు విడిచి అమీరుతో మైదానమునకు పోయెను. ఏఱు, ఇసుక, ఆకాశము, అడ్డులేని ప్రేమ. సంఘము వెనుకబడెనని పాఠకుడు భ్రమించును. కాని మైదానములో జరిగినదేమి? అమీరు మనసు వేఱొక పిల్లమీదికి పోయినప్పుడు క్షోభపడినది రాజేశ్వరి. ఆమె గర్భవతియైనప్పుడు బిడ్డ వలదన్నవాడు అమీరు. వకీలింటిలో మగని యిష్టము శాసనము. మైదానములో ప్రియుని యిష్టము శాసనము. పైకప్పు మాత్రము పోయినది. కట్టకడపట నామెకు దక్కిన గది చెఱసాలలోనిది. ఈ గ్రంథమును స్వేచ్ఛకు దారిచూపు పటమని కొనియాడువారును, దుర్నీతికి దారియని తిట్టువారును ఒకే పొరపాటు చేయుచున్నారు. అది దారిపటము కానేకాదు. ఇంటిమీద దాఖలు చేయబడిన ఫిర్యాదు. తనదని చెప్పుకొనుటకు గంట కాలమైనను, మూల యైనను, మాట యైనను లేని స్త్రీ యేమి చేయునో యది చెప్పుచున్నది. ఫిర్యాదు వచ్చినప్పుడు ఫిర్యాదిని మెచ్చుకొనియో, తిట్టియో కూర్చుండుట న్యాయస్థానపు పని కాదు. విచారించి తీర్పు చెప్పవలెను. ఆ తీర్పు మన యిండ్లలో నింకను సంపూర్ణముగా వెలువడలేదు.

బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' మొదట 'ఏకాంతం' అను పేరుతో వెలువడినది. దయానిధి వైద్యుడు, తల్లిని గూర్చిన యపవాదు వాని బాల్యమునుండియు వెన్నాడుచున్నది. కోస్తా విడిచి యెండుభూముల రాయలసీమకు, వజ్రకరూరునకు పోయెను. అచట వజ్రము దొరకెను గాని మఱపు దొరకలేదు. లోకమువారి నాలుక వానికంటె వేగముగా బ్రయాణము చేసినది. ఊరు మాఱినంతమాత్రమున మనుష్యుని కథ మాఱదని బుచ్చిబాబుగారు నిజాయితీతో జూపిరి. అందుచేతనే యది గొప్ప గ్రంథము. దానిని చదివి 'ఏకాంతమే పరమార్థము' అని తేల్చువారు ఆ పుస్తకమును సగమే చదివినవారు.

వంగదేశపు రచయిత బిభూతిభూషణ బందోపాధ్యాయుని 'ఆరణ్యక్' 1939లో పుస్తకముగా వచ్చినది. తెలుగువారు దానిని 'వనవాసి'గా చదువుకొనిరి. అడవిని ప్రేమించిన నవలలలో దానిని మించినది మాకు దోపదు. కలకత్తా యువకుడు సత్యచరణుడు అడవిలో తన్ను దాను కనుగొనెను, నిజమే. కాని యాతడచటికి వెళ్ళినది యే యుద్యోగము మీద? ఎస్టేటు మేనేజరుగా, ఆ యడవిని ముక్కలు చేసి కౌలుదారులకు పంచుటకు! ఏ వెన్నెలలో నాతడు తన్మయుడయ్యెనో ఆ వెన్నెల పడు చెట్లు వాని సంతకముతోనే కూలినవి. ఆ రచయిత యీ సంగతిని దాచలేదు. నాయకుని పశ్చాత్తాపమునే కథకు ప్రాణముగా జేసెను. మన యనుకర్తలు వెన్నెలను దీసికొని సంతకమును విడిచిరి.

ఇచట కొందఱు పెద్దలు మనకు శాస్త్రము చూపుదురు. వానప్రస్థము మన ఋషులు చెప్పినది కాదా? బుద్ధుడు రాజభవనమును విడిచి పోలేదా? అని యడుగుదురు. మంచిది. వానప్రస్థము గృహస్థధర్మము నెఱవేర్చినవానికి చెప్పబడినది గాని, బిడ్డ పాలకేడ్చుచుండగా తలుపు తీసికొని పోవువానికి కాదు. ఇక బుద్ధుడు బోధివృక్షముక్రింద జ్ఞానము బడసినపిదప అచటనే కూర్చుండిపోలేదు, సారనాథమునకు నడచి వచ్చి యైదుగురితో మాటాడెను, సంఘమును స్థాపించెను. దీనికి సాక్ష్యము మన పల్నాటిలోనే యున్నది. కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకు రాజుల విజయపురి వెలసిన కాలమున, అనగా క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో, భిక్షువుల విహారములు నగరమున కల్లంత దూరముననే కట్టబడినవి. అచటి మహాచైత్యమునకు దానము చేసినది రాజు సోదరియగు చాంతిసిరి. అచటి శాసనములు పెక్కు రాజస్త్రీల, ఉపాసికల దానములను జెప్పుచున్నవి. లోకమును విడిచినవారి గదులకు ఇటుకలు లోకములోని స్త్రీలిచ్చిరి. ఆ ఋణమును భిక్షువులు శాసనములపై జెక్కనిచ్చి యొప్పుకొనిరి. నేటి నవలానాయకుడు తన చద్దిమూట ఋణమును ఎన్నడొప్పుకొనెను?

సోదరీమణులారా, ఇందలి యసలు సంగతి మీకే బాగుగా తెలియును. పురుషుడు 'నన్ను నేను వెదకికొనుచున్నాను' అని యిల్లు విడిచినచో లోకము వానిని తాత్త్వికుడనును. స్త్రీ యదే మాట చెప్పి యదే గడప దాటినచో లోకము చెప్పు మాట వేఱు. వెళ్ళినవాని గుఱించి నవల వచ్చును; వాడు విడిచిపోయిన మంచముమీద జ్వరముతోనున్న తల్లికి మందు పోసినదెవరు, అంగడివాని బాకీ తీర్చినదెవరు అనుటకు ఆ నవలలో ప్రకరణముండదు. మూడువందల పుటలలో ఆత్మ యొకనికే యున్నది. తక్కినవారందఱును వాని యాత్మను కప్పిన పొరలు! భార్య పొర, తల్లి పొర, బిడ్డ పొర. పొరకు మాత్రము ఆత్మ యుండరాదా? ఆ పొర తన్ను దాను వెదకికొనవలెనన్న నే యడవికి పోవలయును?

సంఘము మనిషిని నలుపుననుట నిజము. వితంతువును మూల గూర్చుండబెట్టినది సంఘమే. పంచముని ఊరివెలుపల నుంచినది సంఘమే. ఇట్టి సంఘములో ఊపిరాడనివాడు బయటికి పరుగెత్తుటలో నాశ్చర్యము లేదు. వానిని మేము నిందింపము. కాని పరుగెత్తుటను పరిష్కారమని పిలుచువారిని తప్పక నిందింతుము. ఒకడు పరుగెత్తిన తరువాత సంఘములో నొక యెదిరించు నోరు తగ్గినది. నలుపు చేతులకు పని సులువైనది. తమ పీడకు వీరు జేయు మేలిది.

బలవంతముగా సంఘమునుండి వేఱు చేయబడిన యొక మహనీయుని చూడుడు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో నాటి సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడులో జన్మించిరి. పల్నాటి పుల్లరి పోరాటకాలమున నిర్బంధింపబడి రాయవెల్లూరు చెఱసాలలో నుండిరి. నాలుగు గోడలు, ఏకాంతము, కావలసినంత తీరిక. మన సిద్ధాంతము ప్రకారము ఆయన తన్ను గూర్చి తాను వ్రాసికొనవలసినది. ఆయన వ్రాసినది 'మాలపల్లి'. రామదాసు కుటుంబము, సంగదాసు, కూలివారి బాధ. ఇవి ఆ యేకాంతమునుండి వెలువడినవి. 1922లో వచ్చిన యా నవలను జూచి సర్కారు భయపడి నిషేధించినది. ప్రొద్దుక్రుంకుటను వర్ణించిన నవలను ఏ సర్కారు నిషేధించెను? ఆ 1922లోనే ఆయనయు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారును గుంటూరులో స్త్రీవిద్యకై శారదానికేతనమును స్థాపించిరి. తన్ను దాను కనుగొనుట యనగా నేమో ఆ దంపతుల నడుగవలెను గాని, చెట్టుక్రింది నాయకుని గాదు.

అడవిలో మనిషి నిజముగా బయటపడిన కథ తెలుగున లేదా? ఉన్నది. డాక్టరు కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' అనునది. పేరైన లేని యొక ముసలివాడు, పందులు కాచువాడు, ఇల్లు చేరని యొక సూడిపందిని వెదకుచు ప్రొద్దుగూకువేళ అడవిలోనికి పోవును. ఆ రాత్రి వాని ధైర్యము, ప్రేమ, మొండితనము, నిస్సహాయత సర్వము మనకు గోచరించును. కాని యాతడు వెదకినది తన్ను గాదు, పందిని! మఱియొక ప్రాణికై చేసిన కాపలాలో వాని స్వరూపము దానంతట నదే వెలువడెను. వాడు అడవికి పోయినది యింటిని వదలించుకొనుటకు గాదు. ఇంటి బ్రతుకును కాపాడుకొనుటకు. ఈ భేదమును గ్రహింపని రచయిత నూఱు కొండలెక్కినను ఒక మనిషిని సృష్టింపలేడు.

పల్నాటి వీరకథలోనే యీ వివాదమునకు సమాధానమున్నదని మా నమ్మకము. కారెంపూడి యుద్ధము ముగిసెను. బిడ్డలు పోయిరి, బంధువులు పోయిరి. అంతట బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలములోనికి పోయెనని జనశ్రుతి. ఇంతకంటె గొప్ప యేకాంతగాథ యే నవలలో నున్నది? అయినను పల్నాటి ప్రజలు బ్రహ్మనాయుని నేమిటి కొఱకు దలచికొనుచున్నారు? కారెంపూడిలో నేటికిని కార్తికమాసపు అమావాస్యనుండి యైదు దినములు వీరుల యుత్సవము జరుగును. అందు మందపోరునాడు చాపకూడు పెట్టుదురు. పరచిన చాపలమీద కులభేదము లేక అందఱును కలసి కుడుచుట యది. బ్రహ్మనాయుడు నడపిన ధర్మమని కథ చెప్పును. మాలవాడగు కన్నమదాసును తన సేనకు నాయకునిగా జేసినవాడును ఆయనయే. బిలములో నాయనకు గలిగిన దర్శన మెట్టిదో యెవరికిని తెలియదు, ఎవరును అడుగరు. చాపమీద నాయన యెవరో అందఱికిని తెలిసినది. జనులు గుహను దర్శించి వత్తురు. వంటచేసి వడ్డించి తిరిగి తిరిగి బ్రతికించుకొనుచున్నది మాత్రము చాపను.

బిలమునకు పోయినది చాప పరచిన మనిషి యని కూడ గమనింపవలెను. మన నవలానాయకులు చాప పరవకయే బిలమునకు బయలుదేరుచున్నారు.

కావున రచయితలకు మా మనవి: మీ నాయకుని అడవికి పంపుడు, అభ్యంతరము లేదు. కాని వాని చద్దిమూట కట్టినదెవరో ఒక ప్రకరణమున వ్రాయుడు. వాడు తిరిగివచ్చునా, వచ్చినచో నెవరి ప్రక్కన కూర్చుండి భుజించునో వ్రాయుడు. అడవి వానికేమి నేర్పెనో అప్పుడుగాని మాకు తెలియదు. విమర్శకులారా, 'ఆత్మాన్వేషణ' యను మాటను ప్రతి పలాయనమునకును బిరుదుగా గట్టకుడు.

గృహస్థులకు మా మనవి యింతకంటె ముఖ్యమైనది. ఏకాంతము మనుష్యునకు అవసరమే. ఆ యవసరమును ఇల్లు తీర్పనప్పుడే నవల తీర్చును, నవల తీర్పనప్పుడు రైలు తీర్చును. అందుచేత ఏకాంతమును ఇంటిలోనికి తెండు. ఇంటి యాడువారికి దినమున కొక గంట, ఎవరును పిలువని గంట, ఏర్పఱపుడు. ఆ గంటలో పొయ్యి మీరు చూడుడు. కోడలు చదువుచున్న పుస్తకమును చూచి 'పని లేదా' అని యడుగకుడు. కుమారుడు తన మనసులోని మాట చెప్పినప్పుడు పరువు పేరు చెప్పి నోరు మూయింపకుడు. కూతురు వలదన్న సంబంధమును ముడివేయకుడు. పని మనిషికి వేఱు గ్లాసు పెట్టుట మానుడు. మీరు కూర్చున్న చాపమీదనే యామెకును చోటిండు. ఇట్టి యింటినుండి పాఱిపోవలసిన యగత్య మెవరికిని గలుగదు. అప్పుడు అందఱును కలసి యొక సాయంకాలము ఏటియొడ్డునకు పోవచ్చును. ప్రొద్దుక్రుంకుటను తనివితీర చూడవచ్చును. చీకటి పడునప్పటికి కలసియే యింటికి రావచ్చును.